గుట్టల్లో తిరిగే కుక్కకి బూట్లు: ఏ నేలకి ఏవి, ఎలా తొడగాలి

మీరు అడిగింది ఇది: మీ మూడేళ్ళ ల్యాబ్ (ల్యాబ్రడార్), 28 కిలోలు, వారాంతాల్లో మీతో పాటు భువనగిరి వైపు గుట్టలు, వికారాబాద్ దగ్గర అనంతగిరి దారులు తిరుగుతోంది. పోయిన నెల ముందు కాలి ప్యాడ్ (అరికాలి మెత్త) తెగి కుట్లు పడ్డాయి. ఆన్‌లైన్‌లో నాలుగు వందల నుంచి ఎనిమిది వేల దాకా బూట్లు కనిపిస్తున్నాయి. చవకలో ఒక సెట్ తెప్పిస్తే కుక్క కాళ్ళు ఎత్తెత్తి వేస్తోంది, రెండోసారికే ఒక బూటు ఎక్కడో ఊడిపోయింది. ఏ బ్రాండ్ కొనాలి, అసలు కొనాలా వద్దా అన్నది మీ సందేహం.

బ్రాండ్ దగ్గరికి వస్తాను. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, కాలికి దెబ్బ దేనివల్ల తగులుతోంది అన్నది. రాతికి ఒరుసుకోవడం వేరు, సీసా పెంకు కోయడం వేరు, ముల్లు దిగడం వేరు, తారు కాలడం వేరు. ఒక్కోదానికి ఒక్కో రకం బూటు కావాలి. కొన్నిచోట్ల బూటు వేస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ. ఏళ్ళుగా కుక్కలకి శిక్షణ ఇస్తూ, వాటిని వెంటేసుకుని గుట్టలూ చేలూ తిరుగుతూ నేను గమనించింది ఒకటుంది. బూట్లు దండగ అని మూలన పడేసినవాళ్ళలో ఎక్కువమంది కొలత తప్పినవాళ్ళో, వేయకూడని నేల మీద వేసినవాళ్ళో అయి ఉంటారు.

భువనగిరి వైపు ఉన్నది గ్రానైట్. బండ మీద అరచేయి ఆనించి కాస్త లాగి చూడండి, పలుకులు పలుకులుగా గీరుకుంటుంది. కుక్క ఎక్కేటప్పుడు ఆ బండని వెనక్కి తన్నుతుంది, దిగేటప్పుడు ముందుకాళ్ళు ఆనించి తనను తాను ఆపుకుంటూ జారుతుంది. ప్యాడ్ అరిగేది ఎక్కువగా దిగేటప్పుడే. నిలబడి ఉన్నప్పుడే కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీద ఉంటుంది, దిగుడులో అది ఇంకా పెరుగుతుంది. అందుకే గుట్టల్లో తిరిగే కుక్కలకి ముందు చెడేవి ముందుకాళ్ళే. అనంతగిరి నేల దీనికి భిన్నం. అక్కడ పైపొర ఎర్రటి లాటరైట్, దారంతా మొరం. మొరం గులకలు ప్యాడ్‌ని అంతగా అరగదీయవు, వేళ్ళ సందుల్లో ఇరుక్కుని లోపలి మెత్తటి చర్మాన్ని ఒరుస్తాయి. భువనగిరి నుంచి వచ్చాక ప్యాడ్ కింద చూడండి, అనంతగిరి నుంచి వచ్చాక వేళ్ళు విప్పి మధ్యలో చూడండి.

కుట్లు పడేంత తెగిందంటే మాత్రం నాకు రాతి మీద అనుమానం లేదు, సీసా పెంకు మీదే అనుమానం. రాతికి ఒరుసుకుంటే పొర లేస్తుంది, గీతలు పడతాయి, లోతుగా నేరుగా తెగడం తక్కువ. గుట్ట మీద చల్లగాలికి కూర్చుని తాగి, ఖాళీ సీసాని బండకేసి కొట్టి పోయేవాళ్ళని చూస్తే నాకు కోపం ఆగదు. ఆ పెంకులు ఏళ్ళ తరబడి అక్కడే పడి ఉంటాయి. వాటి మీద కాలేసేది కుక్కలొక్కటే కాదు, మేకలు కాసుకునే పిల్లలు కూడా. మనం వెళ్ళినప్పుడు ఒక గట్టి గోనె సంచి తీసుకెళ్ళి, కూర్చున్న చోటు చుట్టూ ఉన్న పెంకులైనా ఏరుకొస్తే బూటు కంటే ఎక్కువ కాళ్ళని కాపాడినవాళ్ళం అవుతాం.

ముళ్ళ సంగతి. పల్లేరు కాయకి మామూలు రబ్బరు అడుగు సరిపోతుంది. రేగుకంపకీ దాదాపు అంతే. సర్కారు తుమ్మ మాత్రం వేరు, అది సైకిలు టైరునే పంక్చర్ చేసే ముల్లు. చెరువు శిఖాల్లో, బీడు భూముల్లో ఎండిన కొమ్మలు నేల మీద పరుచుకుని ఉంటాయి. పలచటి బూటైతే ముల్లు దాన్ని దాటి ప్యాడ్‌లో దిగుతుంది, పైగా బూటు కప్పి ఉంటుంది కాబట్టి మీకు కనపడదు. కుక్క కుంటుతున్నా 'బూటు అలవాటు లేక' అనుకుంటాం. సర్కారు తుమ్మ దట్టంగా ఉన్న చోటికి నేను బూట్లు వేసి కూడా కుక్కని వదలను, తాడు మీదే నడిపిస్తాను, లేదంటే దారి మార్చుకుంటాను.

ఇప్పుడు అసలు ఎప్పుడు వేయాలన్న మాట. ప్యాడ్ పైచర్మం ఒంట్లో మిగతా చోట్ల కంటే చాలా మందం, దాని కింద కొవ్వు పొర. నేల ఎలా ఉందో కుక్కకి తెలిసేది అక్కడి నుంచే. వేళ్ళు విప్పుకుని, గోళ్ళు దించి అది పట్టు తెచ్చుకుంటుంది. బూటు వేస్తే ఈ రెండూ తగ్గుతాయి. అమెరికాలో కూలిన భవనాల కింద మనుషుల్ని వెతికే కుక్కల్ని సాధారణంగా బూట్లు లేకుండానే శిథిలాల మీదికి పంపుతారు. ఇనుప చువ్వలూ పెంకులూ ఉన్నాయని తెలిసి కూడా అలా పంపడానికి కారణం, జారిపడితే తగిలే దెబ్బ కాలు కోసుకున్న దెబ్బ కంటే పెద్దది కావడమే. మరోపక్క అలాస్కాలో 1973 నుంచి జరుగుతున్న ఇడిటరాడ్ స్లెడ్ పందెం ఉంది. యాంకరేజ్ నుంచి నోమ్ దాకా దాదాపు వెయ్యి మైళ్ళు. అందులో ఒక్కో కుక్కకి ఎనిమిదేసి బూటీలు ఉండి తీరాలని నియమం. అవి రబ్బరు అడుగున్న బూట్లు కావు, గట్టి నైలాన్ గుడ్డ సంచుల్లాంటివి, చిరిగితే తీసేసి కొత్తవి తొడుగుతారు. అక్కడ బాధ మంచు గడ్డలు వేళ్ళ మధ్య పేరుకోవడం, గట్టిపడ్డ మంచు గీరుకోవడం. నేలని బట్టి ఒకచోట వట్టికాళ్ళు, ఒకచోట బూట్లు. మీకూ అదే లెక్క.

మీ దారులకి నేను చెప్పేది ఇలా ఉంటుంది. నిటారు బండ ఎక్కేటప్పుడు, తడిసిన రాయి మీద, వాగు దాటేటప్పుడు బూట్లు తీసేయండి. వాగులో నీళ్ళూ ఇసుకా లోపలికి చేరితే ఆ తడి ఇసుకే తర్వాత చర్మాన్ని తినేస్తుంది. రాళ్ళూ పెంకులూ ఉన్న మామూలు బాట మీద, పొడవైన దిగుడులో, ప్యాడ్ ఇప్పటికే పలచబడి ఉంటే వేయండి. ఎక్కేటప్పుడు సంచిలో, దిగేటప్పుడు కాళ్ళకి. చాలా రోజులు నాలుగు కాళ్ళకీ వేయాల్సిన పని కూడా ఉండదు, ముందు రెండిటికీ చాలు.

రకాల సంగతి. బెలూన్‌లా సాగే పలచటి రబ్బరు తొడుగులు ఉంటాయి, పాజ్ అనే బ్రాండ్‌వి లాంటివి. బురదకీ, కట్టు తడవకుండా ఉండటానికీ బాగుంటాయి. గాలి ఆడదు కాబట్టి ఎక్కువసేపు ఉంచకూడదు, గ్రానైట్ మీద తొందరగా చిరుగుతాయి. కింద రబ్బరు చుక్కలున్న సాక్సులు ఇంట్లో టైల్స్ మీద జారిపోయే ముసలి కుక్కలకి, మీకు అక్కర్లేదు. మీరు తెప్పించిన నాలుగు వందల రకం నాకు తెలుసు. గట్టి అడుగు, గుండ్రటి ముక్కు, రెండు వెల్క్రో పట్టీలు. బూటుని చేతిలోకి తీసుకుని ముందు భాగాన్ని రెండు వేళ్ళతో మడిచి చూడండి. మడవడానికి మీకే బలం పడితే కుక్క కాలు దాన్ని మడవలేదు. కాలు ఎత్తెత్తి వేయడానికి సగం కారణం అలవాటు లేకపోవడం, మిగతా సగం ఆ బిరుసు అడుగు.

మీకు కావాల్సింది పైన గాలి ఆడే జాలీ గుడ్డ, కింద మెత్తగా మడతపడే రబ్బరు అడుగు, ఆ అడుగు ముందువైపు వేళ్ళ మీదికి కాస్త ఎక్కి ఉండటం, పట్టీ కాలి సన్నటి భాగం దగ్గర బిగుసుకోవడం. రఫ్‌వేర్ వాళ్ళ గ్రిప్ ట్రెక్స్ ఈ రకమే, మనుషుల ట్రెక్కింగ్ బూట్లకి వేసే వైబ్రమ్ అడుగుతో వస్తుంది. ఖరీదెక్కువ. అదే కొనమని నేను అనను, ఈ నాలుగు గుణాలూ ఉంటే దేశీ బ్రాండైనా పర్వాలేదు. కానీ ముందుకాళ్ళ సైజూ వెనకకాళ్ళ సైజూ విడిగా ఎంచుకునే వీలు లేని సెట్ అయితే వదిలేయండి. చాలా కుక్కలకి ముందు పాదం వెనక పాదం కంటే వెడల్పు. ఒకే సైజులో నాలుగు కొంటే ముందువి నొక్కుతాయి, లేదంటే వెనకవి ఊడతాయి. మీది ఊడిపోయింది వెనకకాలిది అయి ఉండొచ్చు.

కొలత తీసుకోవడం చాలామంది కాలు ఎత్తి చేతిలో పట్టుకుని చేస్తారు. అలా తీస్తే పాదం ముడుచుకుని ఉంటుంది, కొలత చిన్నగా వస్తుంది. గోళ్ళు ముందు కత్తిరించండి. కుక్కని నేల మీద తెల్ల కాగితం మీద నిలబెట్టండి. కొలిచే కాలికి పక్కనున్న కాలిని ఎవరినైనా ఎత్తి పట్టుకోమనండి, అప్పుడు బరువంతా ఈ కాలి మీద పడి వేళ్ళు పూర్తిగా విచ్చుకుంటాయి. పెన్సిల్‌ని నిట్టనిలువుగా పట్టుకుని, ఎక్కువ వెడల్పున్న చోట అటూ ఇటూ రెండు గీతలు పెట్టండి. పెన్సిల్ వంగితే ఆ కాస్త తేడాకే సైజు మారిపోతుంది. గీతల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి కంపెనీ పట్టికతో చూసుకోండి. రెండు సైజుల మధ్య పడితే చిన్నదే తీసుకోవడం మేలు, వదులు బూటు తిరిగిపోతుంది, తిరిగిన బూటే ఒరుస్తుంది, ఊడుతుంది.

పట్టీ గురించి ఒక్కటి వివరంగా చెప్తాను, దెబ్బలు ఎక్కువగా ఇక్కడే తగులుతాయి. ముందుకాలి లోపలివైపు కాస్త పైన డ్యూక్లా అనే పక్కగోరు ఉంటుంది. చేవెళ్ళ దగ్గర ఒక తోటలో కాపలా ఉండే జర్మన్ షెపర్డ్‌ని చూడమని పిలిచారు. కొత్త బూట్లు వేసి పొద్దున్నుంచీ వదిలేశారట. పట్టీ విప్పి బూటు లాగితే లోపల వెంట్రుకలు చెమటకి తడిసి చర్మానికి అంటుకుపోయి ఉన్నాయి, పక్కగోరు మొదట్లో చుట్టూ ఎర్రటి గాడి పడింది, కింద వేళ్ళు నాలుగూ ఉబ్బి ఒకదానికొకటి ఒత్తుకుంటున్నాయి. కుక్క ఆ కాలు నాకడం తప్ప ఏమీ చెప్పలేదు పాపం. పట్టీకీ కాలికీ మధ్య మీ చూపుడు వేలి కొన కష్టం మీద దూరాలి, అంత బిగువు చాలు. పక్కగోరు మీద పట్టీ పడుతుంటే లోపల పలచటి సాక్సు వేయండి, లేదా ఆ గోరు చుట్టూ తనకు తానే అంటుకునే క్రేప్ బ్యాండేజ్ ఒక్క చుట్టు వదులుగా వేయండి. మొదట్లో అరగంటకోసారి విప్పి చూడాలి. తర్వాత కూడా గంటకోసారి విప్పి, కాలికి గాలి తగలనిచ్చి మళ్ళీ వేయాలి. కుక్కకి చెమట పట్టేది ముఖ్యంగా పాదాల్లోనే, ఆ తడి బూటులో నిలవుంటే ఫంగస్ పట్టడానికి రోజులు పట్టదు. బూట్లు వేసి ఒంటరిగా ఎప్పుడూ వదలకూడదు, పీకి నమిలి మింగేసే కుక్కలున్నాయి.

అలవాటు చేయడం ఇంట్లోనే మొదలుపెట్టండి. కొన్ని రోజులు బూటు చూపించి తినడానికి ఏదో ఒకటి పెట్టడం, పాదం పట్టుకుని వదిలి మళ్ళీ పెట్టడం. తర్వాత ఒక్క ముందుకాలికి తొడిగి, కుక్క ఆలోచించేలోపే దానికిష్టమైన బంతి విసరండి. నిలబెట్టి చూస్తూ కూర్చుంటే అది కాలి మీదే ధ్యాస పెడుతుంది, కదులుతుంటే మర్చిపోతుంది. రెండు కాళ్ళు, తర్వాత నాలుగు, తర్వాత వీధిలో చిన్న చుట్టు. ఎత్తెత్తి నడుస్తుంటే ఇంట్లోవాళ్ళు నవ్వి వీడియోలు తీస్తారు, దయచేసి వద్దనండి. చుట్టూ గోల జరుగుతుంటే దానికి టెన్షన్ పెరుగుతుంది. ల్యాబ్‌లకి తిండి మీద ధ్యాస ఎక్కువ కాబట్టి మీకు ఈ పని తేలికే. రెండు మూడు వారాలు ఇవ్వండి, ఆ తర్వాతే గుట్ట.

ఎండ గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. మన ఎండాకాలంలో మధ్యాహ్నం తారు రోడ్డు 60 డిగ్రీలు దాటుతుంది, నల్లరాయీ తక్కువ తినదు. అరచేయి వెనకవైపు నేలకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల కుక్కకి పనికిరాదు. చాలామంది దీనికి బూటుని మందు అనుకుంటారు. బూటు వేస్తే ప్యాడ్ కాలదు, నిజమే. కానీ కుక్క ఒళ్ళు చల్లబడేది రొప్పడం వల్ల. చుట్టూ గాలే వేడిగా ఉంటే రొప్పినా లాభం తక్కువ, పాదాల్లోంచి పోయే కాస్త వేడి కూడా బూటులో ఆగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా ఎండెక్కేలోపే గుట్ట దిగేసి ఉండాలి, బూట్లున్నా సరే. అమెరికా, కెనడాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి బాధ దీనికి రివర్స్. అక్కడ చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ప్యాడ్ పగుళ్ళలో మండుతుంది, కుక్క నాకితే కడుపులోకి పోతుంది. అక్కడ లోపల ఉన్ని ఉన్న మట్‌లక్స్ బ్రాండ్ బూట్ల లాంటివి సరైనవి, ఇక్కడ అవి వేస్తే హింస.

ప్యాడ్‌ని గట్టిపరచడం మీద కూడా దృష్టి పెట్టండి. వారమంతా టైల్స్ మీద పడుకుని ఆదివారం ఒక్కసారి గ్రానైట్ ఎక్కే కుక్క కాళ్ళే ఎక్కువ చెడతాయి. వారంలో నాలుగైదు రోజులు కంకర దారి మీద, మట్టి రోడ్డు మీద కాసేపు నడిపిస్తూ మెల్లగా పెంచుకుంటూ పోతే కొన్ని వారాల్లో తేడా మీకే కనిపిస్తుంది. రోజూ కొబ్బరినూనె రాయడం మాత్రం మానండి. పగిలిన ప్యాడ్‌కి అప్పుడప్పుడు రాస్తే తప్పులేదు, రోజూ రాస్తే చర్మం నాని మెత్తబడి రాతి మీద తొందరగా లేస్తుంది. నడకకి ముందు రాయాలంటే తేనెమైనం కలిసిన పా వ్యాక్స్ (కుక్క పాదాలకి రాసే మైనం) పలచగా రాయండి.

తిరిగొచ్చాక కాళ్ళు మామూలు నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు పూర్తిగా తుడిచి, ఫోన్ టార్చ్ వేసి ఒక్కో సందూ విప్పి చూడండి. ముల్లు మొన, గడ్డి మొన, పిడుదులు, ఈ మూడూ అక్కడే దాక్కుంటాయి. గడ్డి మొన లోపలికే పోతుంది గానీ వెనక్కి రాదు, వేళ్ళ మధ్య చిన్న ఉబ్బు కనిపించి కుక్క అదే పనిగా నాకుతుంటే పిసకకుండా డాక్టర్‌కి చూపించండి. వానాకాలం ఇంకో జాగ్రత్త. బురదలో ఉండే కొంకిపురుగు పిల్లలు పాదం చర్మంలోంచే లోపలికి పోతాయి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో ఉండే లెప్టోస్పైరా అనే బాక్టీరియా కోసుకున్న చోటు నుంచి ఎక్కుతుంది. నట్టల మందూ, లెప్టో టీకా కూడా సమయానికి పడ్డాయో లేదో కార్డులో చూసుకోండి.

సంచిలో ఒక స్పేర్ బూటు, సెలైన్ సీసా, పుండుకి అంటుకోని గాజ్ (పలచటి జాలీ కట్టు గుడ్డ), దూది, క్రేప్ బ్యాండేజ్ పెట్టుకోండి. ప్యాడ్ తెగితే రక్తం భయపెట్టేంత వస్తుంది. శుభ్రమైన గుడ్డతో అయిదు నుంచి పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి, మధ్యలో ఎత్తి చూడకండి. ఆగాక సెలైన్‌తో కడిగి, వేళ్ళ మధ్య కొద్దిగా దూది పెట్టి, కట్టు వేళ్ళ కొసల నుంచి పైకి కట్టండి. పైనుంచి కిందికి కడితే పాదం ఉబ్బుతుంది. దాని మీద బూటు వదులుగా తొడిగి దిగండి. పెంకు లోతుగా దిగి ఉంటే మీరు లాగొద్దు. నొప్పి తగ్గాలని మన ఇంట్లో ఉండే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఏవీ వేయకండి. కుక్కల కాలేయాన్ని, కిడ్నీల్ని, కడుపుని దెబ్బతీస్తాయి. డాక్టర్ కుక్కకని ఇచ్చిన మందే వాడాలి.

మీవాడి సంగతికి వస్తే, కుట్లు తీసేశాక కూడా ప్యాడ్ లోపలి నుంచి గట్టిపడటానికి టైం పడుతుంది, అడుగు వేసిన ప్రతిసారీ ఆ చోటు విచ్చుకుంటుంది కాబట్టి. మచ్చ గులాబీ రంగులో, మిగతా ప్యాడ్ కంటే నునుపుగా ఉన్నంతకాలం గ్రానైట్ వద్దు. ఈలోపు ఇంట్లో బూటు అలవాటు మొదలుపెట్టండి, కొలతలు తీసుకోండి. డాక్టర్ సరేనన్నాక మొదటి నడక అనంతగిరి మొరం దారిలో, ముందుకాళ్ళకి బూట్లతో, గంట లోపు. భువనగిరి ఆ తర్వాత. నాలుగు కాళ్ళ కొలతలూ మిల్లీమీటర్లలో, ఆ మచ్చ ఫోటోతో కలిపి ఇక్కడ పెడితే సైజు నేనే చూసి చెప్తాను.